అడుగుటకును అర్హత కావలెనా?

అడగనిదే అమ్మయినను పెట్టదని మన పెద్దల సామెత. అడిగినచో పెట్టుననుట అందలి భావము. కాని అడుగుటకు సైతము ఒక అర్హతాపత్రము కావలెననియు, ఆ పత్రము చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టుననియు, అంతవరకు ఆకలి ఓర్చుకొనవలెననియు చెప్పినచో ఆ సామెతకు మిగిలిన అర్థమేమి? వాతావరణ మార్పును తట్టుకొనుటకై పేద దేశములకు సంపన్న దేశములు ఇచ్చెదమన్న ధనము సంగతి నేడు ఇంచుమించు ఇట్లే యున్నది.

దూరదేశముల మాటకు ముందు దగ్గరి మాట యొకటి. చాల ఏండ్ల క్రిందట నా తరగతిలో సముద్రతీరపు పల్లెనుండి వచ్చిన విద్యార్థి యొకడుండెను. వాని ఇంట కళాశాల గుమ్మము తొక్కినవాడు వాడే మొదటివాడు. ఉపకారవేతనమునకు వానికంటె అర్హుడు ఆ తరగతిలో లేడు. దరఖాస్తుతోపాటు ఆదాయ ధ్రువపత్రము, నివాస ధ్రువపత్రము, తన పేర బ్యాంకు ఖాతా కావలెననిరి. తండ్రి వేట మాని కార్యాలయమునకు పోయిన దినమున అధికారి లేడు. అధికారి యున్న దినమున తండ్రి సముద్రము మీద నుండెను. పత్రములన్నియు సమకూరునప్పటికి గడువు దాటి నాలుగు దినములైనది. ఆ సంవత్సరము ఉపకారవేతనపు సొమ్ము కొంత మిగిలిపోయినదని తరువాత తెలిసినది. ధనము లేక కాదు, దారి లేక ఆ పిల్లవాని చదువు ఆగిపోయినది. వానితో కూర్చుండి ఆ కాగితములు నింపింపవలెనను ఆలోచన ఆనాడు నాకును కలుగలేదు. ఈ సంగతి ఒప్పుకొనియే ముందుకు పోవుచున్నాను.

వాతావరణము మారుచున్నదన్న మాట నేడు పాఠశాల బాలునకును తెలియును. బొగ్గు, చమురు మండించుటవలన గాలిలో చేరిన వాయువులు భూమి వేడిమిని పెంచుచున్నవి. దీనికి చేయవలసిన పనులు రెండు. మంటను తగ్గించుట మొదటిది. ఇప్పటికే తగిలిన సెగను తట్టుకొని బ్రదుకునట్లు ఊళ్లను, పొలములను, రేవులను, మంచినీటి చెరువులను సిద్ధపరచుకొనుట రెండవది. ఈ రెండవదానికి అనుకూలనమని పేరు. జీవశాస్త్ర పాఠములో ఎడారి మొక్కను గూర్చి చెప్పునపుడు ఉపాధ్యాయులు వాడు మాటయే యిది. సముద్రపు గోడ, ఉప్పునేలకు ఓర్చు వరివంగడము, తుపాను ఆశ్రయభవనము, ముందస్తు హెచ్చరిక - ఇవి యన్నియు మనుష్యుడు చేసికొను అనుకూలనములే.

ఈ వ్యయము నెవరు భరింపవలెను? 1992లో కుదిరిన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక నాలుగవ అధికరణమున దీనికి సమాధాన మున్నది. వాతావరణ మార్పువలన విశేషముగ హానికి లోనగు వర్ధమాన దేశములకు అనుకూలన వ్యయమున సంపన్న దేశములు తోడ్పడవలెనని అందు వ్రాసికొనిరి. కావున ఇది భిక్ష కాదు. చేవ్రాలు చేసి ఒప్పుకొన్న బాధ్యత. ఆఫ్రికా ఖండమంతయు కలిసి నేడు గాలిలోనికి వదలు వాయువులు ప్రపంచపు మొత్తములో నూటికి ఇంచుమించు నాలుగు పాళ్లు మాత్రమే. అయినను కరువులును వరదలును ఆ ఖండమును విడుచుట లేదు.

బాధ్యత ఒప్పుకొన్న తరువాత జరిగినదేమి? 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూర్చెదమని సంపన్న దేశములు 2009లో కోపెన్‌హేగన్ సభలో వాగ్దానము చేసినవి. ఆ మొత్తము మొదటిసారి నిండినది 2022లో, అనగా గడువు దాటిన రెండేండ్లకు. అందును అధికభాగము మంటను తగ్గించు పనులకే పోయినది. వర్ధమాన దేశముల అనుకూలనమునకు 2035 నాటికి ఏటా 31,000 కోట్ల డాలర్లకు తక్కువ కాకుండ కావలసివచ్చునని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమ సంస్థ 2025 నివేదికలో అంచనా కట్టినది. 2023లో ఆ దేశములకు అంతర్జాతీయముగ అందిన ప్రభుత్వ ధనము 2,600 కోట్ల డాలర్లు. కావలసినది పన్నెండు కుంచములయినచో అందినది ఒక కుంచము.

ఇంత అంతరమునకు కారణము లేకపోలేదు. సూర్యరశ్మితో విద్యుత్కేంద్రము కట్టినవాడు విద్యుత్తు నమ్మి అప్పు తీర్చగలడు. సముద్రపు గోడ ఏమి అమ్మగలదు? అది కాపాడిన గుడిసెలకు అంగడిలో వెల లేదు. కావున లాభము కోరు ధనము దానివైపు చూడదు. ప్రభుత్వముల ద్వారమున వచ్చు ధనములోను అప్పులే అధికము. 2022లో అట్లు వచ్చిన వాతావరణ సహాయములో నూటికి డెబ్బది పాళ్లకు ఇంచుమించుగ రుణమే. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను మొజాంబిక్ దేశపు బెయిరా నగరమును ధ్వంసము చేసినది. మరుసటి నెలలో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ దేశమునకు 11 కోట్ల 80 లక్షల డాలర్లు మంజూరు చేసినది. వడ్డీ లేని మాట నిజమే. కాని అదియు అప్పే. అప్పటికే ఆ దేశము అప్పుల చిక్కులలో నుండెను. పొరుగువాని పొగకు కన్నులు మండినవాడు కంటి మందుకై అప్పు చేసినట్లున్నది ఈ పద్ధతి.

ధనము చాలకపోవుట ఒక బాధ. ఉన్న ధనము చేరకపోవుట మరియొక బాధ. ఈ రెండవదానిని గూర్చి మన పత్రికలలో చర్చ తక్కువ. 2010లో కాంకూన్ సభ హరిత వాతావరణ నిధిని నెలకొల్పినది. దాని కార్యాలయము దక్షిణ కొరియాలోని సాంగ్డోలో నున్నది. తన సహాయములో సగము అనుకూలనమునకు వినియోగింపవలెనని ఆ నిధి లక్ష్యము, మెచ్చదగిన లక్ష్యము. కాని దానిని అడుగువారు ముందుగ గుర్తింపు పొందిన సంస్థ ద్వారముననే అడుగవలెను. గుర్తింపునకై వచ్చిన సంస్థ తన జమాఖర్చులను, తనిఖీ నివేదికలను, కొనుగోళ్ల నిబంధనలను, మోసములను అరికట్టు ఏర్పాట్లను, పర్యావరణ రక్షణ నియమములను చూపి ఒప్పింపవలెను. ఆ పిమ్మట పథకము వ్రాయవలెను. తమకు కలుగు ముప్పు వాతావరణ మార్పువలన కలుగునదేయని ఏండ్ల తరబడి వర్షపాతము, సముద్రమట్టము లెక్కలతో నిరూపింపవలెను. వర్షమాన కేంద్రములే అరుదైన దేశము ఆ లెక్కల నెక్కడనుండి తేగలదు?

పసిఫిక్ మహాసముద్రములోని తువాలు దేశమును చూడుడు. దాని నేల అధికభాగము సముద్రమట్టమునకు రెండు మూడు మీటర్ల ఎత్తుననే యున్నది. జనసంఖ్య ఇంచుమించు పదివేలు. మన మండలములు అనేకము దానికంటె పెద్దవి. అంత చిన్న దేశమునకు గణకులు, న్యాయవేత్తలు, ఇంజనీర్లు గల పెద్ద సంస్థ యొకటి ఎట్లు ఏర్పడగలదు? 2016లో హరిత వాతావరణ నిధి తువాలు తీరరక్షణకు 3 కోట్ల 60 లక్షల డాలర్లు మంజూరు చేసినది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమ సంస్థ మధ్యనుండి ఆ పథకమును నడిపినది. ఫునాఫుతి తీరమున 2023 నాటికి ఏడు హెక్టార్లకు మించిన క్రొత్త నేల వెలిసినది. మేలు జరిగినది, కాదనరాదు. కాని మధ్యవర్తి లేనిదే నోరు తెరువలేని స్థితి అట్లే యున్నచో రెండవ పథకమునకును మరల మధ్యవర్తి కొరకే ఎదురుచూడవలెను.

దీనికి మారుగా మరియొక మార్గము కలదని చూపినది సెనెగల్. క్యోటో ఒడంబడిక క్రింద ఏర్పడిన అనుకూలన నిధి, దేశములు తమ సొంత సంస్థ ద్వారముననే ధనమును పొందవచ్చునని నియమము చేసినది. ఆ విధముగ 2010లో మొట్టమొదట గుర్తింపు పొందినది డాకర్ నగరమందలి పర్యావరణ పరిశీలన కేంద్రము. అదే సంవత్సరము రుఫిస్క్, సాలీ, జోయాల్ తీరముల రక్షణకు ఇంచుమించు 86 లక్షల డాలర్లు మంజూరైనవి. కవిగా, ఆ దేశపు మొదటి అధ్యక్షునిగా సాహిత్యలోకమునకు తెలిసిన సెంఘార్ పుట్టిన ఊరు ఈ జోయాలే. అచ్చట వరిపొలములలోనికి ఉప్పునీరు రాకుండ కట్ట కట్టుట పథకములోని పనులలో నొకటి. ఏ పొలమునకు ఉప్పు తగులుచున్నదో ఆ దేశపువారికి ఒకరు చెప్పనక్కరలేదు గదా!

మన తెలుగునేలకును ఈ నిధితో సంబంధము కలదు. మన దేశమున ఆ నిధి గుర్తింపును 2012లో పొందినది నాబార్డు. దాని ద్వారమున కృష్ణా జిల్లా తీరములో మడ అడవులను పెంచి, వాటితో కలిపి చేపల పెంపకము సాగించు పథకమునకు 2014లో ఇంచుమించు 6 లక్షల 90 వేల డాలర్లు మంజూరైనవి. పనిని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ చేపట్టినది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మరువలేదు. అలల ఉరవడిని తగ్గించు మడచెట్టు విలువ ఆ తీరమునకు తెలియును. పోటునీరు లోపలికి వచ్చి పోవునట్లు కాలువలు త్రవ్వినచో ఎండిన మడభూమి మరల పచ్చబడును. గట్లమీద మడమొక్కలు, గుంటలలో చేపలు పెరుగును. భాష తెలిసినవారు, నేల తెలిసినవారు నడుమ నున్నందున ఇట్టి పథకము వ్రాయుట సాధ్యమైనది. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొరత లేదను సామెత పక్షపాతమును గూర్చి పుట్టినదే కావచ్చును. ఇచ్చట దానిని మంచి అర్థమున వాడుచున్నాను: కడపంక్తి ఆకలి ఎరిగినవాడు వడ్డనలో నుండవలెను.

ఇందుకు ఎదురుమాట యొకటి కలదు. ధనము దుర్వినియోగము కాకుండ చూచుట దాత కర్తవ్యము కాదా? నిస్సందేహముగ కర్తవ్యమే. లెక్క అడుగుట అవమానము కాదు. పేదవాని పేర వచ్చిన సొమ్మును నడుమనున్నవాడు తినివేసినచో మొదట చెడువాడు ఆ పేదవాడే. కాని కొలత సరకును బట్టి యుండవలెను. గుప్పెడు గింజలు తూచుటకు బస్తాల కాటా తెచ్చినచో గింజలకంటె కాటా మోసిన కూలి ఎక్కువగును. ఈ లోపమును హరిత వాతావరణ నిధియు గుర్తింపకపోలేదు. చిన్న పథకములకు సులభమైన పద్ధతిని 2017లో ప్రారంభించినది. దేశములను సన్నద్ధపరచుటకు వేరుగ సహాయము నిచ్చుచున్నది. ఇవి సరియైన దిక్కున వేసిన అడుగులే. కాని నడక మందము, నీరు వేగము.

2035 నాటికి వర్ధమాన దేశములకు ఏటా 30,000 కోట్ల డాలర్లు సమకూర్చుటలో ముందుండెదమని సంపన్న దేశములు 2024లో బాకూ సభలో అంగీకరించినవి. అనుకూలన ధనమును 2035 నాటికి మూడింతలు చేయుటకు పూనుకొనవలెనని 2025లో బెలేం సభ పిలుపునిచ్చినది. గంగాళము పెద్దదగుట సంతోషమే. కాని గంగాళము పెద్దదైనంత మాత్రమున విస్తరిలో అన్నము పడదు. మూడు నియమములు తోడు కావలెనని నా అభిప్రాయము. పేద దేశమునకు అనుకూలనమున కిచ్చునది అప్పుగా కాక ఈవిగా ఇయ్యవలెను. చిన్న మొత్తమునకు చిన్న ద్వారము తెరువవలెను. ప్రతి పథకముతోపాటు, తరువాతి పథకమును తామే వ్రాసికొనగల మనుష్యులను ఆ దేశముననే తయారుచేయవలెను. మూడవది లేనిచో మొదటి రెండును నిలువవు.

ఇందులో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు పని యేమున్నదని అడుగవచ్చును. ఉన్నది. ఏ నిధి ముందైనను నిలుచునది రెండింటి బలముననే: సరియైన లెక్క, స్పష్టమైన వాక్యము. ఊరిలో కురిసిన వాన ఎంత, బావిలో నీరు ఏ లోతున నున్నది, ఏ సంవత్సరము ఏ పొలమునకు ఉప్పు తగిలినది అని ఒక పాఠశాల ఇరువది ఏండ్లు తప్పక వ్రాసి యుంచినచో ఆ పుస్తకము ఆ ఊరికి సాక్షి యగును. తమ ఊరి కష్టమును అతిశయోక్తి లేకుండ, అస్పష్టత లేకుండ ఒక పుటలో వ్రాయగల విద్యార్థి రేపు తన ఊరి పక్షమున మాటలాడగలడు. భాష నేర్పువారము మనము ఛందస్సుతోపాటు విజ్ఞప్తి వ్రాయుట కూడ నేర్పవలెను.

ఆ విద్యార్థి చదువు మానిన మరుసటి సంవత్సరము మొదలు, దరఖాస్తుల కాలమున సాయంకాలము చివరి గంట మ్రోగిన తరువాత నేనును నా సహోద్యోగులు ఇద్దరును కళాశాల వరండాలో ఒక బల్ల వేసికొని కూర్చుండుచున్నాము. పిల్లలు తెచ్చిన కాగితములు చూచి, లేనివి ఏవో చెప్పి, ఎక్కడ దొరకునో దారి చూపుచున్నాము. నియమములను మేము మార్చలేదు, గడువును పొడిగింపలేదు. అయినను నాటినుండి మా కళాశాలలో గడువు దాటి మిగిలిపోయిన పిల్లలు మిక్కిలి తక్కువ. దేశముల నడుమ కూడ అట్టి బల్ల యొకటి ఉండవలెను. దాని వద్ద కూర్చుండువాడు అడుగవచ్చినవాని పక్షమువాడై యుండవలెను.