వంశం ఆగినా కథ ఆగలేదు

అమెరికాలో చదువుకుంటున్న, కొలువులు చేస్తున్న మన పిల్లలారా!

మీరు కార్లలో గంటల తరబడి దాటిపోయే ఆ మైదానాల్లోనే ఒకప్పుడు బతికిన ఒక కుటుంబం గురించి చెబుతాను.

చార్లెస్ ఇంగల్స్ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. సొంత భూమి మీద ఆశతో భార్య కరొలైన్‌నూ పిల్లలనూ వెంటబెట్టుకుని విస్కాన్సిన్, కాన్సస్, మిన్నెసోటా, అయోవా తిరిగాడు. మిన్నెసోటాలో మిడతల దండు పడి గోధుమ చేనంతా ఊడ్చుకుపోయింది. 1876లో ఏడాది నిండని కొడుకు చనిపోయాడు. పెద్దకూతురు మేరీకి 14 ఏళ్లకే చూపు పోయింది. చివరికి డకోటాలోని డి స్మెట్‌లో స్థిరపడ్డారు.

అక్కడ 1880-81 చలికాలంలో మంచు కప్పేసి నెలల తరబడి రైలు రాలేదు. బొగ్గు అయిపోయింది. ఎండుగడ్డిని తాడులా మెలిపెట్టి, ముడిచి, కట్టెల్లా పొయ్యిలో పెట్టారు. ఒకటి మెలిపెట్టేలోపే ముందరిది కాలిపోయేది. కాఫీ గింజల మరలో గోధుమలు పోసి, వంతులవారీగా తిప్పి, ఆ పిండితో రొట్టె కాల్చుకుని ప్రాణాలు నిలుపుకున్నారు.

ఇదంతా మనకు తెలిసిందంటే రెండో కూతురు లారా రాసింది గనుక. అమ్మ పోయింది, అక్క పోయింది. ఆ తర్వాత 1930లో ఆమె జ్ఞాపకాలన్నీ కాగితం మీద పెట్టింది. వాటి నుంచి పిల్లల కోసం రాసిన తొలి పుస్తకం 1932లో వచ్చేనాటికి ఆమెకు 65 ఏళ్లు. చార్లెస్ నలుగురు కూతుళ్లలో లారా ఒక్కతెకే కాన్పులయ్యాయి. బతికిన ఒక్క బిడ్డ రోజ్ కూడా సంతానం లేకుండానే 1968లో కన్నుమూసింది. ఆ వంశం అక్కడితో ఆగింది. చార్లెస్ వాయించిన ఫిడేలు మాత్రం మిస్సోరిలోని మాన్స్‌ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూడటానికి, ఆ ఇంటితో ఏ చుట్టరికమూ లేనివాళ్లు వస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కాన్సస్‌లో వాళ్లు ఇల్లు కట్టుకున్నది ఓసేజ్ తెగవారి భూమిలో. తరవాత ఆ నేల విడిచి వెళ్లాల్సి వచ్చింది ఓసేజ్‌లే. ఆ తెగ గోడు, ఆ రోజుల గురించి లారా రాసిన పుస్తకంలో వాళ్ల నోట వినపడదు. చనిపోయిన తమ్ముడి ఊసూ ఆమె ఆ పిల్లల పుస్తకాల్లో ఎత్తలేదు. రాసినదాన్ని ఎంత ప్రేమగా చదవాలో, రాయకుండా వదిలినదాన్నీ అంత శ్రద్ధగా వెతకాలి.

నాయనా, తల్లీ! మీరూ ఊరు విడిచి వెళ్లినవాళ్లే. ఇంటికి ఫోన్ చేసి “తిన్నారా, మందులు వేసుకున్నారా” అని అడుగుతారు. సంతోషం. ఈ ఆదివారం ఇంకొక్కటి అడగండి. మన పొలం ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎలా పోయింది? ఏ కరువుకు ఊరు మారాం? పురిట్లో పోయిన బిడ్డలెందరు? పేర్లు, ఊళ్లు, ఏళ్లు రాసుకోండి. తలదించుకునే సంగతి దొరికితే అదీ రాయండి.

చెప్పగలిగిన వాళ్లం ఇంకా కొందరం ఉన్నాం. ఉండగానే అడగండి.