పేర్లు మాత్రం ఊళ్లోనే

మా వడమాలపేట మండలంలో ఏ పల్లె ఓటర్ల జాబితా తీసినా ఊరు నిండుగా కనిపిస్తుంది. ఇంటి పెద్ద, కొడుకులు, కోడళ్లు, నిరుడు పద్దెనిమిది నిండిన మనవడు, అందరూ వరసగా ఉంటారు. ఆ కాగితం పట్టుకుని వీధిలోకి పోతే తాళం వేసిన ఇళ్లు ఎదురవుతాయి. ఆ తాళాలు వేసింది మేమే. పేర్లు తీయకుండా ఉంచిందీ మేమే.

మోసం చేద్దామని ఎవరూ చేయలేదు. రేషన్‌కార్డు మారిస్తే బియ్యం ఆగిపోతాయేమో, అవ్వ పింఛను తెగిపోతుందేమో, ఎప్పుడైనా ఇంటిస్థలం ఇస్తే మన పేరు ఉండదేమో అన్న భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్లకు తెలుసు ఆ బాధ. కానీ ఆ భయం చాటున మరో సుఖం కూడా ఉంది. పేరు ఊళ్లో ఉంటే, మేం ఊరు వదల్లేదని మాకు మేమే చెప్పుకోవచ్చు.

దూరం తక్కువ కావడం కూడా మమ్మల్ని ఏమార్చింది. పాలమూరు జనం బొంబాయికి పోతే దాన్ని వలస అన్నారు, దాని మీద రాసినోళ్లున్నారు, అడిగినోళ్లున్నారు. మాకు తిరుపతి పాతిక కిలోమీటర్లు. ఒకవైపు చెన్నై రోడ్డు, ఒకవైపు రేణిగుంట–అరక్కోణం రైలు. ఇంత దగ్గరికి పోవడాన్ని ఎవరు వలస అంటారు? మేమూ అనలేదు. మొదట పిల్లోళ్ల చదువుకని తిరుపతిలో ఒక గది తీసుకున్నాం. వాళ్లకు వండిపెట్టను అమ్మ పోయింది. నాయన కొన్నాళ్లు బండి మీద వచ్చిపోయినాడు. పాలు పిండేవాళ్లు లేరని ఆవును అమ్మినాం. ఒక్కో పని చేసినప్పుడు ఒక్కో కారణం ఉంది, అన్నీ సబబైన కారణాలే. ఊరు విడిచిపెడుతున్నాం అని మాత్రం ఏ రోజూ ఎవరూ అనుకోలేదు.

కయ్యల్లో మామిడి పెట్టిన సంగతీ ఇట్లాంటిదే. నీళ్లు లేక పెట్టినామని చెప్తాం. బోర్లు ఎండిన మాట నిజమే. అయితే వరికీ చెనక్కాయకూ మనిషి కావాలి, దున్నను, నాటను, కలుపు తీయను, కోయను. మామిడికి అంత మనిషి అక్కర్లేదు, తోటను గుత్తకిచ్చేసి ఊరికే ఉండొచ్చు. మనిషితో పని లేని పంటను మేం వెతికి పట్టుకున్నాం. జిల్లా అంతా అదే తోతాపురి, పోయేదంతా అవే గుజ్జు ఫ్యాక్టరీలకు. 2025 వేసవిలో కాయ కొనే దిక్కు లేక, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేటట్టు ఖాయం చేయాల్సి వచ్చింది. ఆ ధర గురించి బాగానే అరిచినాం. మామిడి ఎందుకు పెట్టినామో ఎవరినీ ఎవరూ అడగలేదు.

చెరువు సంగతి చెప్పుకోవాలంటే నోరు రాదు. మా వైపు అసలు వాన ఐప్పసి, కార్తీకాల్లో బంగాళాఖాతం నుంచి వస్తుంది. నాలుగు రోజుల్లో కురిసి పోతుంది. దాన్ని కొండ కిందనే పట్టి ఆపుకోను కట్టుకున్నవే ఈ చెరువులు. వంకల్లో పూడిక తీయాలన్నా, తూము చూడాలన్నా, మొరవ పోయేటప్పుడు రాత్రి కట్ట మీద కాపలా ఉండాలన్నా ఇంటికొక మనిషి పోయేది. చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి కేకేస్తే పోకుంటే తప్పు. మొదట మేం మనిషికి బదులు డబ్బులిచ్చినాం. తర్వాత డబ్బులు ఇవ్వడం మరిచిపోయినాం. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట కారుతోందని కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు, తిరుపతిలో కూర్చుని ఫోన్లో ఆ వీడియోలు చూసినోళ్లలో నేనూ ఒకణ్ణి. మా ఊరి కట్ట ఎట్లా ఉందో అడగాలని తోచింది. ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం తోచలేదు.

బడి కూడా అంతే. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లలో కలుపుతామన్నప్పుడు మేమంతా కోపపడినాం. ఆ కోపం న్యాయమైనదే. కానీ కోపపడినోళ్లలో ఆ బడికి పిల్లల్ని పంపేవాళ్లు ఎందరు? కాన్వెంటు బస్సు ఇంటి ముందర ఆగిన రోజే మేం ఆ బడిని కలిపేసినాం, సర్కారు జీవో రాకముందే. పిల్లలే తక్కువ పుడుతున్నారు కదా అని ఇప్పుడొక మాట వచ్చింది. అదీ అబద్ధం కాదు. 2019–21 సర్వే లెక్కలో మన రాష్ట్రంలో తల్లికి సగటున 1.7 మంది బిడ్డలు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి నిబంధనను 2024లో ఎత్తేశారు కూడా. పుట్టిన ఆ ఒకరిద్దరినైనా ఊళ్లో పెంచని మేం, పుట్టని పిల్లల మీద నెపం పెడుతున్నాం.

మేం ఎందరమన్న లెక్క కూడా పాతదే. 2011 జనాభా లెక్కల్లో పాత చిత్తూరు జిల్లా జనం 41.74 లక్షలు, చదరపు కిలోమీటరుకు 275 మంది. ఉమ్మడి రాష్ట్రం సగటు 308. నూటికి డెబ్బై మంది పల్లెల్లోనే ఉన్నట్టు రాసుకున్నారు. 2021లో రావాల్సిన లెక్క రాలేదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు గీసింది ఆ పాత అంకెలతోనే. నగరి నియోజకవర్గంలో పుత్తూరు, వడమాలపేట మండలాలు తిరుపతి జిల్లాకు వచ్చినాయి, నగరి, నిండ్ర, విజయపురం చిత్తూరులో ఉండిపోయినాయి. మాది ఏ జిల్లా కావాలని నెలల తరబడి వాదులాడుకున్నాం. ఆ గీతకు లోపల ఎందరం మిగిలినామన్న మాట ఆ వాదనల్లో ఒక్కసారీ రాలేదు.

ఇంతా రాసి, ఊరు ఖాళీ అయిందన్న మాట దగ్గర ఆగిపోతున్నాను. మా ఊళ్లో దళితులుండే అరుంధతివాడ ఖాళీ కాలేదు. పొద్దున ఆటోల్లో తిరుపతికో రేణిగుంటకో కూలికి పోయి రాత్రికి వచ్చి పడుకునేవాళ్లు అక్కడే ఉన్నారు. ఊళ్లో దీపం పెడుతున్నది వాళ్లు. మా వీధులు ఖాళీ అయితే ఊరే ఖాళీ అయిందని రాసే అలవాటు నాకు ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. మేం ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాళ్లకు సేద్యం అందనీయలేదు. మేం పోయినాక కూడా ఆ భూమిని బీడు పెట్టుకున్నాం, మామిడి పెట్టుకున్నాం, ప్లాట్లకు ఇచ్చుకున్నాం, వాళ్లకు మాత్రం కౌలుకైనా ఇవ్వలేదు. ఊరు పలచబడిందంటే అందులో ఈ పాపం వాటా పెద్దది.

ఇప్పుడు 2027 మార్చి 1 తేదీని లెక్కకు తీసుకుని మళ్లీ జనాభా లెక్కలు జరుగుతాయి. ఆ లెక్కల తర్వాతే పార్లమెంటు సీట్ల పంపకం మాట ఉంది కాబట్టి, అంకెల మీద అందరి కళ్లూ ఉన్నాయి. మనిషి మామూలుగా ఎక్కడ ఉంటాడో అక్కడే రాయించుకోవాలి. నిజం చెప్తే మా పేర్లు తిరుపతి అద్దె ఇళ్లలో పడతాయి, మా పంచాయతీ అంకె పడిపోతుంది, నిధులు చాలావరకు జనాభాను బట్టే కాబట్టి అవీ తగ్గుతాయి, మిగిలిన వాళ్లకే నష్టం. అబద్ధం చెప్తే ఊరు ఇంకో పదేళ్లు కాగితం మీద నిండుగా ఉంటుంది, ఏం పోయిందో ఎవరికీ తెలియదు. పండక్కి చేరినప్పుడు మా ఇంట్లో ఈ మాట వచ్చింది. అందరం ఊళ్లోనే రాయించుకుందాం, ఒకరు పోయి ఆ రోజు ఇల్లు తెరిచి ఉంటే చాలు అన్నారు. నేను వద్దనలేదు. ఇప్పటికీ అనలేదు.