పగడాల వీధి చెప్పే పాఠం

ఒక జనసమూహం ఒక ఊరిలో బ్రతికినదనడానికి వీధి పేరు సాక్ష్యం, సమాధిరాయి సాక్ష్యం. అయితే రాతిమీది అక్షరాన్ని చదివేవారు లేనినాడు ఆ సాక్ష్యం మూగది. ఇందుకు నిదర్శనం చెన్నపట్నంలోనే ఉన్నది.

జార్జిటౌనులో పగడాల వర్తకుల పేరిట నేటికీ ఒక వీధి ఉన్నది. పదునేడవ శతాబ్దంలో మధ్యధరా సముద్రపు పగడాలను తెప్పించి, బదులుగా వజ్రాలను ఐరోపాకు పంపిన యూదు వర్తకులు చెన్నపట్నంలో స్థిరపడిరి. ఆ వజ్రాలు ఎక్కడివి? గోల్కొండ రాజ్యానివి, కృష్ణాతీరాన కొల్లూరు గనులవి. మన ఆడపడుచుల మంగళసూత్రాలలో నల్లపూసల నడుమ మెరిసే పగడానికి ఈ వర్తక చరిత్రతో చుట్టరికం కలదు.

1687లో ఇచ్చిన చార్టరు ననుసరించి 1688లో మద్రాసు కార్పొరేషను ఏర్పడినప్పుడు, పన్నెండుగురు ఆల్డర్‌మన్లలో ముగ్గురు యూదు వర్తకులు. వారి సరసన కూర్చున్న స్థానిక వర్తకులలో బేరి తిమ్మన్న తమ్ముడు చిన వెంకటాద్రి ఒకరు. కంపెనీవారు ఈ చోటు ఇచ్చినది దయతో కాదు, వ్యాపార అవసరంతో. అయినప్పటికీ వ్రాతలోకి ఎక్కిన హక్కు హక్కేనని న్యాయవాదిగా నా అభిప్రాయం.

1720వ దశకంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడినవి. గోల్కొండ వజ్రాల బేరం సన్నగిల్లినది. యూదు కుటుంబాలు క్రమంగా తరలిపోయినవి. మింటు వీధిలోని వారి శ్మశానం సైతం చోటు మారినది. హీబ్రూ అక్షరాలు చెక్కిన కొన్ని రాళ్లు లాయిడ్స్ రోడ్డుకు చేరినవి. కొల్లూరు గనుల ప్రదేశం పులిచింతల జలాశయంలో మునిగినది.

కొచ్చి కథ మరింత స్పష్టం. క్రీ.శ. 1000 ప్రాంతంలో భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు డెబ్బదిరెండు హక్కులిస్తూ తామ్రశాసనం వ్రాయించెను. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తరువాత అక్కడి యూదులలో అధికులు తమంతట తామే తరలిపోయిరి. మట్టాంచేరి కడవుంభాగం ప్రార్థనామందిరపు లోపలి కొయ్యపని జెరూసలేము మ్యూజియంలో భద్రంగా ఉన్నది. ఇక్కడ మిగిలిన కట్టడం 2019 వానలకు కూలినది. రాగిరేకు నిలిచినది, వీధి ఖాళీ అయినది.

మనం ఎక్కడికీ తరలిపోలేదు. మత్తిగిరిలో, హోసూరులో తరతరాలుగా ఉన్నాము. కాని మనుషులు ఉండి చదువు పోయినా ఫలితం అదే. భూతగాదాలతో నా వద్దకు వచ్చే పెద్దలు తాతలనాటి తెలుగు దస్తావేజులు తెస్తారు. వెంట వచ్చిన మనుమలు వాటిని తలకిందులుగా పట్టుకొంటారు. రాజ్యాంగం 29(1) అధికరణం భాషను, లిపిని కాపాడుకొనే హక్కు ఇచ్చినది. 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించమన్నది. ఈ హక్కులను మనం తప్పక అడగవలెను. అయితే తామ్రశాసనం ఒక్కటే వీధిని నిలపజాలదు. హక్కును వాడుకొనే మనుషులే నిలుపుతారు.

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాతృభాషగా గల కొన్ని కుటుంబాలు యూదు ధర్మాన్ని అవలంబించి, హీబ్రూ అక్షరాలు పనిగట్టుకొని నేర్చుకొంటున్నవి. దూరదేశపు లిపిని వారు నేర్వగలిగినప్పుడు, ఇంటి లిపిని మన పిల్లలకు నేర్పడం మనకు భారమా?

అటకమీది దస్తావేజులను దించండి. గుడిగోడపైన, పొలంగట్టు రాతిపైన తెలుగు అక్షరం కనిపిస్తే పిల్లలచేత చదివించండి, నకలు వ్రాయించండి. రేపు కోర్టులోనైనా, చరిత్రలోనైనా మన పక్షాన నిలిచే సాక్షి ఆ పిల్లవాడే.