ఒక్క ‘కు’ లోపించిన చోట



“నీటి ఉష్ణోగ్రతను 60 డిగ్రీలకు పెంచండి”, “నీటి ఉష్ణోగ్రతను 60 డిగ్రీలు పెంచండి” అనే రెండు వాక్యాలను పరిశీలించండి. 30 డిగ్రీల నీటితో ప్రయోగం ప్రారంభించిన విద్యార్థి మొదటి వాక్యాన్ని అనుసరిస్తే 60 దగ్గర ఆగుతాడు. రెండవదానిని అనుసరిస్తే 90 దాకా పోతాడు. తేడా ఒక్క ‘కు’. కాలేది మాత్రం పిల్లవాని చెయ్యి.

“భావం తెలిస్తే చాలదా?” అని కొందరు పెద్దలు అంటారు. కథలో అక్షరం తప్పినా సందర్భం భావాన్ని నిలబెడుతుంది. శాస్త్ర పాఠంలో ఆ ఆసరా ఉండదు.

తమిళనాట మన పిల్లలకు ఈ చిక్కు మరింత ఎక్కువ. తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ అక్షరం ఒక్కటే. కనుక పెరియంపట్టి వంటి ఊళ్లలో చదివే తెలుగు బిడ్డ ‘అర్థం’, ‘అర్ధం’ ఒకటే అనుకుంటే అది బద్ధకం కాదు. కాని ‘వ్యాసార్ధం’ అంటే వ్యాసంలో సగం. దానిని ‘వ్యాసార్థం’ అని అచ్చువేస్తే ఆ పదంలోనే ఉన్న నిర్వచనం మాయమవుతుంది. పిల్లవాడు తప్పితే దిద్దుతాము. పుస్తకమే తప్పితే దిద్దేదెవరు?

2018 నీట్ పరీక్షను గుర్తుకు తెచ్చుకోండి. తమిళ ప్రశ్నపత్రంలో 49 ప్రశ్నలకు అనువాద దోషాలున్నాయని వ్యాజ్యం నడిచింది. ప్రశ్నకు 4 చొప్పున 196 మార్కులు కలపాలని జూలైలో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం తీర్పు చెప్పింది. నవంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. సందేహం వస్తే ఆంగ్ల పాఠమే ప్రమాణమన్నది ఆ పరీక్ష నియమం. కోట్లమంది మాట్లాడే, ప్రభుత్వ బలమున్న తమిళానికే ఇలా జరిగితే, ఇక్కడ అల్పసంఖ్యాకులమైన మన గతి ఏమిటి? పరీక్ష ముగిశాక న్యాయస్థానం మెట్లెక్కడం కంటే, ముందుగా వాక్యాన్ని సరిచూచుకోవడమే మేలు.

అందుకు మనం చేయగలిగినది ఉంది. తెలుగు పండితుడు, సైన్సు ఉపాధ్యాయుడు కలిసి కూర్చుని ప్రశ్నపత్రాన్ని బిగ్గరగా చదవాలి. ప్రయోగ సూచనను ఒక విద్యార్థి చేత చదివించి, “ఇప్పుడు నీవేమి చేస్తావు?” అని అడగాలి. పాఠ్యపుస్తకంలో కనబడిన తప్పును పుట సంఖ్యతో సహా వ్రాసి అధికారులకు పంపాలి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ “ఈ వాక్యం అర్థం కాలేదు” అన్నప్పుడు వెంటనే కోప్పడకండి. తప్పు వాక్యానిదే కావచ్చు.

తెలుగు పాఠం అర్థం కావడానికి ఆంగ్ల పుస్తకం తెరవవలసి వచ్చిన నాడు, తెలుగు మాధ్యమం ఎందుకని బిడ్డలే అడుగుతారు. ఆ ప్రశ్నకు తావివ్వకుండా చూడవలసినది మనమే. ఆలోచించండి.