తువ్వాల మీద పండుకొని పాడిన పాట



ఎప్పుడూ సాంచెల సంగతి, కూలి సంగతి, మన షోలాపూర్ గల్లీల సంగతి రాస్తుంట. ఈసారి ఒపెరా అనే ఆట గురించి రాస్తున్న. నాలుగో తరగతి చదివినోనికి ఒపెరా ఎందుకని మా ఇంటామె బీడీలు చుట్టుకుంటనే నవ్వింది. మీరూ నవ్వుకోండి, కాని చివరిదాకా చదవండి.

మా పెద్ద మనవరాలు పుణెలో బట్టల డిజైను చదువుతున్నది. పందొమ్మిదేండ్ల పిల్ల. మే నెల సెలవులకు ఇంటికి వచ్చింది. రాత్రి అందరం పండుకున్నంక మెల్లగా లేచి ధాబా మీదికి పోయి ఒక్కతే కూర్చునేది. ఉక్కపోతకేమో అనుకున్న. మూడో రాత్రి నేనూ పైకి పోయి అడిగిన.

"ఏమైంది బిడ్డా, నిద్ర వస్తలేదా?"

"భయమైతున్నది తాతా."

"ఎవరన్నా ఏమన్నా అన్నరా?"

"ఎవరూ ఏమనలేదు. ఈ ఎండలు చూస్తే భయం. భూమి వేడెక్కుడు గురించి చదివిన కొద్దీ భయం. నేను నీ అంత పెద్దదాన్ని అయ్యేటాల్లకు మన ఊర్లో మనుషులు ఉండగలుగుతరా? లోకం మీద ఇప్పటికే ఇంత బట్ట ఉన్నది కదా, నేను ఇంకా బట్ట పని నేర్చుకొని ఏం చెయ్యాలె?"

నాకు జవాబు దొరకలేదు. "దేవుడున్నడు, పండుకో బిడ్డా" అని కిందికి వచ్చిన. ఆ మాట దానికి సరిపోలేదని నాకు తెలుసు. నాకు కూడా సరిపోలేదు.

తెల్లారి అది ఫోనులో ఒక ఆట చూపెట్టింది. వాళ్ళ కాలేజీలో దాని మీద రాయాలంట. ఒపెరా అంటే మాటల బదులు పాటలతోనే కథ నడిచే నాటకం. మన బాగోతం, యక్షగానం, పద్య నాటకం చూసినోళ్ళకు ఇది కొత్త కాదు. రాజుకు కోపం వచ్చినా పద్యమే, ఏడుపు వచ్చినా పద్యమే కదా.

ఈ ఆట పేరు 'సన్ అండ్ సీ'. ఎండ, సముద్రం అని అర్థం. లిథువేనియా అనే చిన్న దేశపు ముగ్గురు ఆడోళ్ళు చేసిన్రు. వైవా గ్రైనీతె పాటలు రాసింది, లీనా లాపెలీతె బాణీలు కట్టింది, రుగిలె బార్జ్‌జుకైతె ఆటను నడిపించింది. మొదట 2017లో వాళ్ళ దేశంలనే, వాళ్ళ భాషలనే ఆడిన్రు. 2019లో ఇటలీ దేశపు వెనిస్ నగరానికి తీసుకపోయిన్రు. అక్కడ రెండేండ్లకొకసారి బియెన్నాలె అని పెద్ద కళల మేళా జరుగుతది. దేశదేశాలోళ్ళు వస్తరు. ఆ ఏడు దేశాలన్నిట్ల మొదటి బహుమతి, గోల్డెన్ లయన్ అంటరు, ఈ ఆటకే వచ్చింది. ఇదే ముగ్గురు అంతకుముందు సూపర్ మార్కెట్ల గల్లా మీద కూర్చుండే పది మంది ఆడోళ్ళ మీద ఒక ఒపెరా చేసిన్రు. గిరాకీకి నవ్వు మొఖం చూపెట్టుకుంట లోపల ఏమనుకుంటరో అదే పాట. అది విన్నంక నాకు వీళ్ళ మీద నమ్మకం కుదిరింది. పని చేసేటోళ్ళను చూసిన కండ్లు ఇవి అనుకున్న.

ఇగ ఆట సంగతి. నౌకాదళం వాళ్ళ గోదాముల నేలంత ఇసుక పోసి సముద్రపు ఒడ్డు తయారు చేసిన్రు. ఈత బట్టలు వేసుకొని, ఇసుక మీద తువ్వాళ్ళు పరచుకొని జనం పండుకుంటరు. పిల్లలు ఆడుకుంటుంటరు. ఒకరు పుస్తకం చదువుతుంటే ఇంకొకరు పేక ఆడుతుంటరు. చూసేటోళ్ళు కుర్చీలల్ల ఉండరు, పైన చుట్టూ ఉన్న బాల్కనీల నిలబడి కిందికి వంగి చూస్తరు. గంట సేపటి ఆట, అయిపోంగనే మళ్ళ మొదటికి వస్తది.

పండుకున్నోళ్ళే పండుకున్నట్టు పాడుతరు. ఒంటికి ఎండ తగలకుండ క్రీము పూసుకునుడు మీద ఒక పాట. పైసలున్న ఒక తల్లి తన చిన్న కొడుకు ఏయే సముద్రాలల్ల ఈదిండో లెక్క చెప్పుతది. పని చేసి చేసి లోపల అంత ఖాళీ అయిన సంగతి ఒకాయన పాడుతడు. పగడాలు ఇక ఉండవని తెలిసి ఏడ్చిన ముచ్చట ఇంకొక పాటల ఉన్నది. బాణీలు జోల పాడినట్టు మెత్తగ ఉంటయి. ఎవరూ అరవరు, భూమి కాలిపోతున్నదని ఎవరూ ప్రసంగం చెయ్యరు. అందరూ హాయిగ పండుకొనే ఉంటరు. ఆ హాయిని చూస్తుంటెనే మన కడుపుల ఏదో తిప్పినట్టు అయితది.

నా కండ్లు మాత్రం ముందుగాల తువ్వాళ్ళ మీదికి పోయినయి. ముప్పై ఒక్క ఏండ్లు టెర్రీ టవల్ నేసిన చేతులు ఇవి. మన షోలాపూర్ చద్దరుకు, టెర్రీ టవల్‌కు రెండింటికీ జీఐ గుర్తు ఉన్నదని మీకు తెలుసు. మన టవల్ ఓడలెక్కి దేశాలు దాటుతదని కూడ తెలుసు. కాని టెర్రీ ఎట్ల నేస్తరో మన పిల్లలకే తెలుస్తలేదు. మా మనవరాలు అడిగితే కాయిదం మీద గీసి చెప్పిన.

టెర్రీకి రెండు భీములు ఉంటయి. ఒక పడుగు బిగువు, ఇంకొకటి వదులు. రెండు పేక పోగులు పడ్డా ఫణి పూర్తిగ కొట్టది, కొంచెం ఎడం ఉంచి ఆగుతది. మూడో పోగు పడ్డంక మూడింటిని కలిపి ఒక్కసారి ముందుకు నూకుతది. అప్పుడు బిగువు పడుగు కదలకుంట ఉంటది, వదులు పడుగు లేచి చిన్న ఉంగరంలెక్క నిలబడుతది. మన ఒంటి మీది నీళ్ళు తాగేటివి ఆ ఉంగరాలే.

ఇది చెప్పుకుంట చెప్పుకుంట, ఇరవై ఏండ్ల నుంచి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పేసిన.

నూలు ఎండితే దారం తెగుతది. అందుకే కార్ఖానాల కిటికీలు మూసి, నేల మీద నీళ్ళు చల్లుతరు. పైన ఇనుప పత్రాలు, బయట మే నెల 43, 44 డిగ్రీలు. లోపల మోటార్ల వేడి, నీళ్ళ ఆవిరి. పొడి ఎండల చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతది. ఆవిరి నిండిన గాలిల చెమట కారుతది గాని ఆరదు, లోపలి వేడి లోపలనే ఉంటది. అసొంటి ఒక పగటి పూట నా పక్క సాంచెల మీది దోస్తు కండ్లు తిరిగి పడిపోయిండు. మొఖం మీద నీళ్ళు కొట్టినం. ఇద్దరు పట్టుకొని రిక్షాల వేసుకొని పోయిన్రు. నేను పది నిమిషాలు నిలబడ్డ. తర్వాత నా సాంచెలు మళ్ళ నడిపిన. కూలి నేసిన బట్ట మీద లెక్క కదా, ఆగితే నాకే నష్టం. మూడో దినం ఆయన పోయిండు. గుండె ఆగింది అన్నరు. అంత ధైర్యంగల గుండె ఎందుకు ఆగిందని నేను అడగలేదు. ఎవరం అడగలేదు. ఆ వారంల ఆయన సాంచెల మీద ఇంకొక పిల్లగాడు వచ్చిండు.

మా మనవరాలు ఏమీ అనలేదు. చాలసేపు నా చెయ్యి పట్టుకొని కూర్చున్నది.

ఆ ఆటల బాల్కనీ మీద నిలబడి కింద పండుకున్నోళ్ళను చూసేటోళ్ళు ఉన్నరు కదా, నేను అట్లనే నిలబడ్డ మనిషిని. దోస్తు పడుతుంటే చూసిన, మళ్ళ నా పని నేను చూసుకున్న. ఆ ముగ్గురు ఆడోళ్ళు మా కార్ఖానా సంగతి రాయలేదు. ఎండ తాపడానికి పైసలు పెట్టి పోయేటోళ్ళ సంగతి రాసిన్రు. ఎండ తప్పించుకోలేనోళ్ళ పాట అందుల లేదు, అది మనమే పాడుకోవాలె.

అదే ఏడు వెనిస్ మేళాల బట్ట పని కూడ ఒకటి పెట్టిన్రు. మార్గరెట్ వర్థైమ్, క్రిస్టీన్ వర్థైమ్ అనే అక్కచెల్లెళ్ళు 2005ల మొదలుపెట్టిన పని. ఊలు దారంతోని, క్రోషా సూదితోని సముద్రంల ఉండే పగడాల దిబ్బలు అల్లుతరు. దేశదేశాలల్ల వేల మంది, ఎక్కువ ఆడోళ్ళే, ఆ అల్లికల చెయ్యి కలిపిన్రు. సముద్రం నీళ్ళు వేడెక్కితే పగడం తన ఒంట్ల ఉండే సన్న నాచును బయటికి నూకేస్తదంట. దానికి రంగు ఇచ్చేది, తిండి పెట్టేది ఆ నాచే. అది పోతే పగడం తెల్లగ పాలిపోతది. వేడి తగ్గకపోతే చచ్చిపోతది. నీళ్ళల్ల ఎవరి కంటికీ కనబడకుంట పోయేదాన్ని నలుగురు చూసేటట్టు దారంతోని నిలబెట్టిన్రు. మన ఇండ్లల్ల తలుపు తోరణాలు అల్లే అక్కలకు ఆ పని ఎంత ఓపికదో చెప్పక్కరలేదు.

ఇంకొకటి వినండి. ఆ మేళా ఇంకా నడుస్తుండగనే, 2019 నవంబరు 12న వెనిస్‌ల సముద్రం పోటు కొలత 187 సెంటీమీటర్లకు ఎక్కింది. 1966ల వచ్చిన 194 తర్వాత అంత ఎత్తు అదే. ఊరి గల్లీలల్లకు, గుళ్ళల్లకు, దుకాణాలల్లకు నీళ్ళు వచ్చినయి. ఆటల మెత్తగ పాడిన భయం ఆ రాత్రి గడప దాటి లోపలికి వచ్చింది.

ఇదంత విన్నంక మా మనవరాలిని అడిగిన: "ఇవన్నీ చూస్తే నీ భయం పెరిగిందా, తగ్గిందా?" "తగ్గలేదు తాతా. కాని నేనొక్కదాన్నే భయపడుతలేను అని తెలిసింది" అన్నది.

అప్పుడు మా తాత చెప్పే కూనపులోళ్ళ సంగతి యాదికి వచ్చింది. వాళ్ళు మన పద్మశాలీలకు కథ చెప్పేటోళ్ళు. పొడుగు బట్ట మీద బొమ్మలు వేసిన పటం మెల్లగ విప్పుకుంట, ఒక్కొక్క బొమ్మ చూపెట్టుకుంట పాడుతరు. మార్కండేయుని కథల పిల్లగానికి పదహారేండ్లే ఆయుష్షు అని మొదట్లనే తెలుస్తది. తల్లిదండ్రులకు తెలుసు, పిల్లగానికి తెలుసు, వాడల కూర్చున్నోళ్ళందరికీ తెలుసు. యముడు వచ్చే బొమ్మను ఎవరూ చుట్టి దాచిపెట్టరు, విప్పి చూపెడుతరు. పిల్లలు తల్లి కొంగు పట్టుకొని చూస్తరు. బట్టను, పాటను, భయాన్ని కలిపి ఒక్క తావుల కూర్చోబెట్టుడు మనకు కొత్త కాదు. నడుమ మనం విడిచిపెట్టినం.

ఆ ఆదివారం నేను, మనవరాలు కలిసి మా దోస్తు ఇంటికి పోయినం. ఆయన భార్య ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటది. నేను చెప్పాల్సింది చెప్పిన. "నాకు తెలుసు అన్నా, మీరు ఎన్నడొస్తరా అని చూసిన" అన్నది. సాయంత్రం గుడి అరుగు మీద ఏడుగురం పాత సాంచెలోళ్ళం కూర్చున్నం. ఒక్కొక్కరం ఎండల చూసిన సంగతి చెప్పినం. ఒకరికి మూత్రపిండాలు చెడినయి, ఒకరి తమ్ముడు పడిపోయి లేచి ఆ రాత్రే మళ్ళ పనికి పోయిండు. ఇన్నేండ్లు ఎవరిది వాళ్ళ దగ్గరనే పెట్టుకున్నం.

తర్వాత పని చేసే పిల్లగాండ్లను కూర్చోబెట్టినం. అహ్మదాబాద్ కూడ మనలెక్కనే మిల్లుల ఊరు. అక్కడ 2013ల ఎండల కోసం ముందు జాగ్రత్త ప్రణాళిక చేసిన్రు. ఎండ ముదిరే ముందే జనానికి చెప్పుడు, దవాఖానలను తయారుగ ఉంచుడు అందుల ఉన్నయి. ఇండ్ల కప్పులకు తెల్ల సున్నం వేసుడు కూడ అక్కడ నడిపిన్రు. తెల్ల కప్పు ఎండను వెనుకకు కొడుతది, ఇల్లు తక్కువ వేడెక్కుతది. మన పిల్లగాండ్లు మూడు అడిగిన్రు: పత్రాల మీద సున్నం, పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా సాంచెలు బంద్, దాని బదులు పొద్దున ఐదుకే షిఫ్టు. మా గల్లీల ఒక సేటు సున్నానికి ఒప్పుకున్నడు, షిఫ్టుకు ఇంకా ఒప్పుకోలేదు. మిగిలినోళ్ళు చూద్దాం అన్నరు. వచ్చే హోలీ లోపల మళ్ళ అడుగుతరు.

మనవరాలు పుణె పోయింది. భయం పోయిందని నేను అనను. కాని నిద్రపోతున్నదని ఫోనుల చెప్పింది. కాలేజీ పనికని ఒక తెల్ల టెర్రీ టవల్ తీసుకపోయింది. ఎండ గురించి మన మనుషులు చెప్పిన మాటలు దాని మీద ఎర్ర దారంతోని కుడుతున్నది. నవ్విన మా ఇంటామె బతుకమ్మ బాణీల మా దోస్తు కథ కట్టి, తొమ్మిది నిమిషాలు పాడి పంపింది. దాని వెనుక సాంచె చప్పుడు పెడుతదంట పిల్ల.

ఇప్పటికి పది మాటలు కుట్టింది, టవల్ మీద ఇంకా చాల జాగ ఉన్నది. భివండిల, ముంబైల, సూరత్‌ల, ఇచ్చల్‌కరంజిల ఉన్నోళ్ళు మీరు చూసిన ఎండ సంగతి ఒక్క మాటల రాసి ఈ పత్రికకు పంపండి. రాయరానోళ్ళు ఇంట్ల పిల్లలను కూర్చోబెట్టుకొని చెప్పి రాయించండి.