టీవీ వార్తకు సనద్ అడగాలి

ఎవరైనా ఒక వార్త మోసుకొస్తే నిజానిజాలు విచారించనిదే నమ్మవద్దని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా ఆరో ఆయతులో ఆదేశం ఉంది. విచారించకపోతే ఏ పాపం ఎరుగనివాళ్ళకు మన చేతుల మీదుగా అన్యాయం జరుగుతుంది. ఈ ఆదేశం అవతరించిన కాలంలో వార్త అంటే ప్రయాణం చేసి వచ్చిన మనిషి నోటిమాట. నేడు వార్త మన నట్టింట్లో పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా మోగుతూనే ఉంది. వీధిలో ఎవడైనా ఒక మాట చెబితే ‘నీకెవరు చెప్పారు’ అని అడిగే మనం, టీవీని మాత్రం ఆ ప్రశ్న అడగడం లేదు.

మా తిరువూరులో ఏ దుకాణంలో ఏ చానెల్ మోగుతోందో వింటే ఆ యజమాని ఓటు ఎటో చెప్పేయవచ్చు. ఒకే తల్లి బిడ్డలైన అన్నదమ్ములు చెరొక చానెల్ పట్టుకుని, రాజధాని మీద, పథకాల మీద, చివరకు వక్ఫ్ ఆస్తుల మీద పండుగ రోజు కూడా మాటామాటా అనుకుంటున్నారు. ఇద్దరూ తాము చూసిందే నిజమని ప్రమాణం చేయగలరు. ఎందుకంటే ఇద్దరూ కళ్ళారా చూశారు మరి!

ఈ పరిస్థితికి రేటింగుల పిచ్చి కారణమని అందరూ అంటారు. అందులో నిజం ఉంది. మన దేశంలో ఈ లెక్క కట్టేది బార్క్ అనే సంస్థ. అంతకు ముందున్న టామ్ లెక్కల స్థానంలో 2015లో ఇది మొదలైంది. ఎంపిక చేసిన కొన్ని ఇళ్ళలో టీవీ దగ్గర మీటరు పెడతారు. చానెల్ ధ్వనిలో మన చెవికి అందని ఒక గుర్తు కలిసి ఉంటుంది. మీటరు ఆ గుర్తును పట్టుకుని ఏ చానెల్ ఎంతసేపు నడిచిందో నమోదు చేస్తుంది. 2020 నాటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు దాదాపు 21 కోట్లు కాగా మీటర్లు ఉన్నవి సుమారు 44 వేలు. అంటే ఒక్కొక్క ఇల్లు 4,700కు పైగా ఇళ్ళ తరఫున సాక్ష్యం చెబుతోందన్న మాట. ఆ సాక్ష్యాన్ని బట్టే ప్రకటనల ధర నిర్ణయమవుతుంది.

ఈ మీటరుకు తెలియని సంగతి ఒకటి ఉంది. మనం ఇష్టంతో చూశామా, పళ్ళు నూరుతూ చూశామా అన్నది దానికి పట్టదు. చర్చలో ఒకడు మన దీన్‌ను దూషిస్తుంటే, ‘చూడండి ఎంత మాట అంటున్నాడో’ అని ఇంటిల్లిపాదినీ పిలిచి చూపిస్తాం. మీటరున్న ఇంట్లో అది జరిగితే ఆ చానెల్ ఖాతాలో నలుగురు ప్రేక్షకులు చేరినట్లే. దూషణ వల్ల లాభం వస్తుందని తెలిసినవాడు దూషణ ఎందుకు మానుతాడు?

2020 అక్టోబరు 8న ముంబయి పోలీసు కమిషనరు విలేఖరులను పిలిచి, మీటర్లున్న ఇళ్ళకు నెలకు కొన్ని వందల రూపాయలు ఇచ్చి కొన్ని చానెళ్ళను పెట్టించుకున్నారని ఆరోపించారు. ఆ చానెళ్ళు ఆరోపణను ఖండించాయి. ప్రభుత్వం మారిన తర్వాత ఆ కేసును ఉపసంహరించుకోవడానికి 2024లో కోర్టు అనుమతించింది. కనుక అందులో దోషులు ఎవరో మేము చెప్పబోవడం లేదు. ఆ తర్వాత జరిగినదే మా ఉద్దేశంలో ముఖ్యం. వార్తా చానెళ్ళ రేటింగులను బార్క్ నిలిపివేసింది. 2022 మార్చిలో గానీ అవి తిరిగి రాలేదు. దాదాపు 17 నెలలు రేటింగు లేదు. మరి ఆ 17 నెలల్లో మన తెలుగు చానెళ్ళలో కేకలు తగ్గాయా? పక్షపాతం తగ్గిందా? చూసినవారే చెప్పాలి. మాకైతే తేడా కనిపించలేదు. అంటే జబ్బు మీటరులో మాత్రమే లేదు, చానెల్ ఎవరిది అన్నదానిలోనూ ఉంది.

1995లో ఈటీవీ, జెమిని వచ్చినప్పుడు వార్తలంటే రోజుకు కొన్ని నిమిషాలు. 2004లో టీవీ9 రావడంతో రోజంతా వార్తలే చెప్పే చానెళ్ళ కాలం మొదలైంది. 2009 మార్చిలో వచ్చిన సాక్షి టీవీ జగన్మోహన్ రెడ్డి కుటుంబానిది. అదే ఏడాది వచ్చిన ఏబీఎన్ ఆంధ్రజ్యోతి, ఇటు ఈటీవీ, టీవీ5 తెలుగుదేశం వైపు మొగ్గుతాయని ఊరూరా అనుకునే మాటే. సరిహద్దుకు అవతల టీ న్యూస్ ఏ పార్టీదో తెలంగాణలో పిల్లలకూ తెలుసు. టీవీ9 అయితే 2018లో మై హోం, మేఘా సంస్థల అధిపతుల చేతికి వెళ్ళింది. కాంట్రాక్టులు, నిర్మాణాలు చేసేవారికి ఏ ప్రభుత్వంతోనైనా పని పడుతుంది. యజమాని అవసరం వార్తలోకి రాకుండా ఉంటుందా?

పాలకుల తీరు కూడా చూడండి. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ప్రసారాలను కేబుల్ వాళ్ళు నిలిపివేశారు. ఖమ్మం జిల్లా మాకు కూతవేటు దూరం. మా ఊళ్ళో కనిపించే చానెల్ సత్తుపల్లి వైపు కేబుల్‌లో ఆగిపోయింది. 2016 జూన్‌లో కాపు ఉద్యమం వేళ ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి ఆగింది. 2019లో ప్రభుత్వం మారింది. ఈసారి టీవీ5, ఏబీఎన్ తమ ప్రసారాలు ఆపారని ఢిల్లీలో టీడీశాట్ గడప తొక్కాయి. 2021 మేలో ఆ రెండు చానెళ్ళ మీద రాజద్రోహం కేసు పెట్టగా, వాటిపై బలవంతపు చర్యలు వద్దని సుప్రీంకోర్టు మే 31న అడ్డుకున్నది. 2024 జూన్‌లో మళ్ళీ ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ చాలా చోట్ల కేబుల్‌లో మాయమయ్యాయి. టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ప్రతిసారీ ‘మాకు సంబంధం లేదు, కేబుల్ వాళ్ళ ఇష్టం’ అన్న జవాబే వినిపించింది. ప్రతిసారీ మనలో సగం మంది చప్పట్లు కొట్టారు. ఎదుటివారి మీద ద్వేషం ఉన్నా న్యాయం తప్పకూడదన్నది మన ధర్మం. మనకు నచ్చని చానెల్ గొంతు నొక్కినప్పుడు సంతోషించినవాడికి, మన గొంతు నొక్కినప్పుడు అడిగే హక్కు ఏముంటుంది?

విచారణ లేని వార్త ఏం చేస్తుందో 2020లో మనం అనుభవించాం. నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్ళొచ్చినవారిలో కొందరికి కరోనా సోకింది. అది నిజం. లాక్‌డౌన్‌లో జనమంతా ఇళ్ళలో కూర్చుని టీవీలకు అతుక్కుపోయిన ఆ రోజుల్లో, కొన్ని జాతీయ చానెళ్ళు ఆ నిజానికి జిహాద్ అన్న మాటను అతికించాయి. దేశంలో ఎన్నో ఊళ్ళలో తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే పేదవాడి పేరు అడిగి మరీ వెనక్కి పంపారు. అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీ జమాత్ సభ్యులపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, పత్రికలు, టీవీలు వారిపై పెద్ద ఎత్తున ప్రచారం సాగించాయని తప్పుపట్టింది. ఆ తీర్పు మీద ఎన్ని రాత్రులు చర్చలు జరిగాయి? పండ్ల బండి అతనికి పోయిన బేరం ఎవరు తెచ్చిచ్చారు?

ఇంతకూ మనం చేయవలసిందేమిటి? టీవీ పగలగొట్టమని మేము చెప్పం. లోకం పోకడ తెలియకుండా ఏ కుటుంబమూ బతకలేదు. అయితే వార్తను తూచే విద్య మన ఇంట్లోనే ఉంది. దైవప్రవక్త (స) మాటలను భద్రపరచడానికి హదీసువేత్తలు సనద్ అడిగారు. ‘ఎవరు చెప్పారు, ఆయనకు ఎవరు చెప్పారు, ఇద్దరూ కలుసుకున్నారా, జ్ఞాపకశక్తి ఎలాంటిది, నడవడి ఎలాంటిది’ అని ఒక్కొక్క ఉల్లేఖకుణ్ణి ఆరా తీశారు. దాని కోసం అస్మాఉర్రిజాల్ అనే శాస్త్రమే పుట్టింది. మదర్సాలో మేము పిల్లలకు చెప్పే ఆ నియమాల్లో రెండు టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎంతో ఉపయోగపడతాయి.

మొదటిది వర్గాభిమానం గురించి. తన వర్గం వైపు జనాన్ని పిలిచే ఉల్లేఖకుడు తన వర్గాన్నే బలపరిచే మాట తెస్తే చాలామంది హదీసువేత్తలు దాన్ని స్వీకరించలేదు. అంతమాత్రాన ఆ మనిషిని పూర్తిగా వెలివేయనూ లేదు. సత్యసంధుడైతే ఇతర విషయాల్లో అతని మాట తీసుకున్నారు. ఖారిజీ వర్గానికి చెందిన ఇమ్రాన్ బిన్ హిత్తాన్ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో కూడా ఉంది. టీవీకి ఇదే కొలత పెట్టండి. ఒక పార్టీ చానెల్ తన నాయకుణ్ణి పొగిడినా, ఎదుటి నాయకుణ్ణి తెగిడినా, వేరే సాక్ష్యం దొరికేదాకా పక్కన పెట్టండి. అదే చానెల్ తన పార్టీకి ఇబ్బంది కలిగించే వార్త చెప్పిందంటే దానికి విలువ ఎక్కువ. వానల సంగతి, మామిడి ధర, పరీక్ష తేదీ చెబితే తీసుకోండి, నష్టం లేదు.

రెండోది సంఖ్య గురించి. అబద్ధానికి కూడబలుక్కునే అవకాశమే లేనంత మంది, వేర్వేరు దారుల్లో చెప్పిన మాటను ముతవాతిర్ అంటారు. పది చానెళ్ళలో ఒకే వీడియో తిరిగితే అది ముతవాతిర్ కాదు. పదీ ఒక్క చోటి నుంచి తెచ్చుకున్నవైతే ఆ సనద్ ఒక్కటే. ‘అన్ని చానెళ్ళలోనూ వచ్చింది’ అన్న మాట వాదనకు బలం కాదు.

వక్ఫ్ సవరణ చట్టం విషయమే తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో అది లోక్‌సభలో 288-232తో, రాజ్యసభలో 128-95తో నెగ్గింది. తెలుగుదేశం అనుకూలంగా ఓటు వేసింది. వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకమని ప్రకటించింది. ఆ వారం మన తెలుగు చానెళ్ళలో ‘ముస్లిములకు ద్రోహం చేసింది ఎవరు’ అన్న గోలే ఎక్కువ. ఏ సెక్షను మారింది, మన ఊరి ఖబరస్తాను, దర్గా భూములకు దానితో ఏమవుతుంది అని చదివి వినిపించినవారు తక్కువ. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనల అమలును నిలుపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వక్ఫ్ చేయాలంటే ఐదేళ్ళుగా ఇస్లాం ఆచరిస్తూ ఉండాలన్న నిబంధన వాటిలో ఒకటి. మసీదు కమిటీల పెద్దలు తెలుసుకోవలసింది ఈ సంగతి. ఎవరు ఎవరిని తిట్టారో తెలుసుకుంటే ఒక్క సెంటు భూమి కూడా దక్కదు.

కనుక ఇంటి పెద్దలకు మా విన్నపం ఇది. పిల్లలు టీవీ ముందు ఉన్నప్పుడు ఏదైనా పెద్ద వార్త వస్తే వారినే అడగండి: ‘ఈ మాట ఎవరు చెప్పారు? ఆయన అక్కడ ఉండి చూశాడా? ఈ చానెల్ ఎవరిది? ఈ మాట వల్ల ఎవరికి లాభం?’ జవాబు దొరకకపోతే ఆ వార్తను గడప దాటనివ్వకండి, ఫోనులో నలుగురికీ పంపకండి. విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ తిరగడం అబద్ధమాడటంతో సమానమని ప్రవక్త (స) బోధించారు. కోపం తెప్పించే చర్చ మొదలైతే చూస్తూ తిట్టడం కంటే చానెల్ మార్చడం మేలు. వారానికి ఒక్కసారైనా మీకు నచ్చని చానెల్ కూడా కాసేపు చూడండి. చట్టం గురించి అయితే చట్టాన్ని, తీర్పు గురించి అయితే తీర్పును చదివిన వకీలును అడగండి. ఇరుగు పొరుగు హిందూ సోదరుల గురించి ఒక చెడ్డ మాట విన్నప్పుడు మరింత జాగ్రత్త పడండి. మన గురించి వారు విచారించి నమ్మాలని కోరుకుంటున్నాం కదా, వారి గురించి మనమూ విచారించాలి.