పట్టాలు ఆగినచోట

పల్నాడనగానే మనకు కోడిపోరూ, కారెంపూడి రణరంగమూ, నాయకురాలు నాగమ్మా, బ్రహ్మనాయుడూ జ్ఞాపకం వస్తారు. మాచర్ల రైలుస్టేషను ఎవరికీ జ్ఞాపకం రాదు. నాకు మాత్రం ఆ వీరగాథకు తరువాయి భాగం అక్కడే ఉన్నదనిపిస్తుంది. ఎట్లాగంటారా?

గుంటూరులో బయలుదేరిన మాచర్ల బండి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి దాటి ముందు గురజాలలో ఆగుతుంది. తరువాత రెంటచింతల మీదుగా మాచర్ల చేరుతుంది. పన్నెండవ శతాబ్దంలో గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవరాజుది. అన్నదమ్ముల పగ ఎందరి ప్రాణాలు తీసిందో మనకు తెలుసు. ఈనాడు ఆ రెండు రాజధానులకూ ఒకే బండి. జరిగే యుద్ధమంతా కిటికీ పక్క చోటు కోసమే!

సుమారు 130 కిలోమీటర్ల ఈ లైనును మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు 1930లో మీటరుగేజిగా తెరిచారు. ఇప్పుడది బ్రాడ్‌గేజి. మాచర్లకు అవతల కొండలూ, కృష్ణ లోయా ఉన్నాయి. పట్టాలు అక్కడ ఆగిపోయాయి. కాని మనుషులు ఆగలేదు. 1926లో నాగార్జునకొండ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి గదా! ఇక్ష్వాకుల విజయపురిని చూడబోయే పండితులు మాచర్లలో దిగి కొండదారి పట్టేవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరుకు శంకుస్థాపన చేశారు. కుడిగట్టుకు దగ్గర స్టేషను మాచర్లే. 1958లో ఊళ్లో సిమెంటు కర్మాగారం కూడా వెలసింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పల్నాటి మెట్ట పచ్చబడింది, విజయపురి మునిగింది. శిల్పాలను మాత్రం ముందుగానే తవ్వి తీసి, కొండమీద మ్యూజియం కట్టి భద్రపరిచారు.

మనుషుల సంగతి?

ఆ మధ్య ఈ బండిలో నా ఎదుట ఒక పెద్దావిడ కూర్చున్నది. ఒళ్లో చిన్న మూట.

“ఎందాకా పెద్దమ్మా?” అన్నాను.

“సాగరుకు నాయనా. మా ఊరు చూసి రావాలి.”

“ఏ ఊరు?”

“ఇప్పుడేదీ? నీళ్లకింద ఉంది. నేనప్పుడు పరికిణీ కట్టే పిల్లను. సామాను ఎడ్లబండి కెత్తుకొని లేచి వచ్చాం. మా నాయన ద్వారబంధం ఊడదీసి బండిమీద వేశాడు. అమ్మ నవ్వింది, ఇల్లు లేకుండా గుమ్మమెందుకని. ఇవ్వాళ్టికీ మా ఇంటికి ఆ గుమ్మమే.”

మూటలో ఏమున్నదని అడిగాను. పసుపు, కుంకుమ. ఊరి పోలేరమ్మకట! గట్టున నిలబడి నీళ్లలో వేసి వస్తుందట.

మాచర్ల పట్టాలను నల్లగొండవైపు, గద్వాలవైపు పొడిగించాలని జనం చాలాకాలంగా అడుగుతున్నారు. నేనూ అడిగేవాణ్ణే. మన కాలువల్లో పారే నీళ్ల అడుగున ఒకరి ఊరున్నదని మాత్రం ఆనాటిదాకా నాకు తట్టనే లేదు. ఆ నీళ్లతో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి సుమా!

మాచర్ల వచ్చింది. మూట నేను పట్టుకొన్నాను. ఆవిడ నెమ్మదిగా దిగి, “ఇటివ్వు నాయనా, ఇక్కణ్ణుంచి దోవ నాకు తెలుసు” అన్నది.